జానెడు ఒరిగిన పరిష్కారం

"ఈ క్షణం నుంచి ఈ దేశంలో ఏ సమస్యా కాగితం మీద ఉండదు!"

ప్రజా విజ్ఞప్తుల శాఖ మంత్రిగారు ఈ మాట అనగానే హాలు చప్పట్లతో మారుమోగింది. మొదటి వరసలో కూర్చున్న శాఖ సిబ్బంది ముందు కొట్టారు. రెండో వరసలో కూర్చున్న శాఖ సిబ్బంది తర్వాత కొట్టారు. మూడో వరసలో నేనున్నాను. నేను శాఖ సిబ్బందిని కాను. ఆ భవనంలోనే మెట్ల కింద జిరాక్స్ మిషను పెట్టుకుని బతుకుతున్నవాణ్ణి. కుర్చీలు ఖాళీగా ఉంటే ఫొటో బాగుండదని పిలిచి కూర్చోబెట్టారు. అయినా నేను మనస్ఫూర్తిగానే కొట్టాను. మంత్రిగారంటే నాకు మొదటినుంచీ అంత అభిమానం. కాగితాలే లేకపోతే నా జిరాక్స్ మిషను గతేమిటన్న ఆలోచన ఇంటికి వెళ్ళాకగాని రాలేదు.

"మరి ఎక్కడ ఉంటుంది సార్?" అంటూ వెనకనుంచి ఒక విలేకరి లేచాడు.

"నోట్సులో ఉంటుంది."

"నోట్సంటే కాగితమే కదా సార్?"

"అది మీ చిన్నప్పటి నోట్సు. ఇది కంప్యూటర్లో ఉండే నోట్సు. ఒక్కో సమస్యకీ ఒక్కో నోటు. ఇలా నొక్కితే సమస్య అలా కళ్ళముందు ఉంటుంది," అన్నారు మంత్రిగారు, హాయిగా కళ్ళు మూసుకుని.

ఇందులో నా స్వార్థం కూడా కొంత ఉందని ఒప్పుకోవాలి. ఆ సమస్యల్లో ఒకటి మా అక్కది. అక్క ఒక చిన్న బడికి హెడ్‌మిస్ట్రెస్. ఆ బడిలో ఐదో తరగతి గది తూర్పు గోడ రెండేళ్ళుగా లోపలికి ఒరుగుతోంది. బయట లారీ వెళితే చాలు, పెచ్చులు రాలతాయి. ఆ గదిలో ఇరవై ఆరుగురు పిల్లలు. కూర్చోబెడదామంటే ఇంకో గది లేదు. అక్క నాలుగు అర్జీలు పెట్టింది. ఇంజినీరు ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. ఇంజినీరుగారు ఒకసారి జీపు లేదన్నారు, ఒకసారి ఇటుకలు లేవన్నారు, ఇంకోసారి ముందు తూర్పు ఎటో తేల్చుకోవాలన్నారు.

మేమిద్దరం ఒకే ఇంట్లో ఉంటాం, అక్క కింది వాటా, నేను పై వాటా. వీధిలో లారీ చప్పుడైతే అక్క ఆదివారమైనా సరే, చేతిలో గిన్నెతో సహా లేచి నిలబడేది. యాభై ఆరేళ్ళ మనిషి. అందుకే మంత్రిగారు నోట్సు అనగానే, హమ్మయ్య, మా గోడకి కూడా ఒక నోటు వస్తుంది కదా అని సంబరపడ్డాను.

అప్పటివరకు అర్జీలన్నీ కంప్యూటర్లో ఒక పొడవాటి పట్టికలో ఉండేవి. దాన్ని అందరూ పెద్ద షీటు అనేవారు. నలభై ఒక్క వేల రెండువందల ఏడు వరసలు, ఐదు కాలమ్‌లు. దాన్ని కొత్త నోట్సు సాఫ్ట్‌వేర్లోకి ఎక్కించడానికి పెద్ద సమావేశం పెట్టారు. అజెండా కాపీలు పంచడానికి నేను వెళ్ళాను. పంచాక ఎవరూ పొమ్మనలేదు కాబట్టి గోడవారగా ఉండిపోయాను.

శాఖలో కంప్యూటర్ తెలిసిన అధికారి ఒక్కరే. ఆవిణ్ణి అందరూ కంప్యూటర్ మేడమ్ అంటారు. ఆవిడ తెరమీద బొమ్మ వేసి చూపించింది.

"ఎడమవైపు ఉన్నవి మన షీటులో కాలమ్‌లండీ. వరస నంబరు, అర్జీదారు పేరు, సమస్య, అర్జీ వచ్చిన తేదీ, ఏ టేబుల్ మీద ఉంది. కుడివైపు ఉన్నవి సాఫ్ట్‌వేర్ అడుగుతున్న ఫీల్డులు. మన కాలమ్ ఏ ఫీల్డులోకి వెళ్ళాలో గీత గీసి కలపాలి. అంతే. పది నిమిషాల పని."

పది నిమిషాలు అన్న మాటకి శాఖ కార్యదర్శిగారు నొచ్చుకున్నారు. ఆయన అప్పటికే మూడు రోజులకి సరిపడా బిస్కెట్లు తెప్పించారు.

మంత్రిగారు కుడివైపు ఉన్నవాటిని పైకి చదివారు. "శీర్షిక. ట్యాగు. బాధ్యులు. తీసుకున్న చర్య. పరిష్కరించిన తేదీ. ఇవేంటమ్మా, ఇలా ఉన్నాయి?"

"ఇది ఎక్కడో పనులు జరిగే ఆఫీసుల కోసం తయారుచేశారటండీ. అందుకే అలా ఉన్నాయి. మనకి కావలసిన ఫీల్డులు కొత్తగా పెట్టుకోవచ్చు. జత దొరకనివి ఉంటే, ఇదిగో, 'వదిలేయి' అని బటనుంది. నొక్కితే సరిపోతుంది."

మంత్రిగారు చేతిలో ఉన్న బిస్కెట్టు కింద పెట్టారు.

"వదిలేయడమా?" అన్నారు మంత్రిగారు నెమ్మదిగా. "ఎన్నికలప్పుడు మనం ప్రజలకి ఏం చెప్పాం? ఏ ఒక్కరినీ వదిలిపెట్టం అని చెప్పాం. ఒక్క ఫీల్డుని వదిలినా నేను రాజీనామా చేస్తాను."

"వద్దు సార్!" అన్నారు అందరూ ఒక్క గొంతుతో.

"పోనీ కొత్త ఫీల్డులు చేర్చుదామండీ," అంది మేడమ్.

"కొత్త ఫీల్డంటే కొత్త గుమాస్తా. కొత్త గుమాస్తా అంటే కొత్త కుర్చీ," అన్నారు కార్యదర్శిగారు. ఆ మాటతో అది తేలిపోయింది.

మొదటి రోజు వరస నంబరుని శీర్షికకి కలిపారు. ఏ టేబుల్ మీద ఉంది అన్న కాలమ్‌ని ట్యాగుకి కలిపారు. అందరూ లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. రెండో రోజు బాధ్యుల దగ్గర బండి ఆగింది.

"బాధ్యులు అన్నచోట ఎవరి పేరు వేద్దాం?" అని మేడమ్ అడగగానే అందరూ నేలచూపులు చూశారు. ఇంజినీరుగారికి దగ్గు తెర వచ్చింది. ఇద్దరు అధికారులు మోగని ఫోన్లు ఎత్తి మాట్లాడుతూ బయటికి వెళ్ళిపోయారు.

"షీటులో పేర్లున్న కాలమ్ ఒక్కటే ఉంది సార్," అన్నాడు ఒక గుమాస్తా. "అర్జీదారు పేరు."

"పేరుకి పేరు. ఇంకేం, గీసెయ్యండి," అన్నారు మంత్రిగారు.

"సార్, అప్పుడు అర్జీ పెట్టినవాళ్ళే ఆ సమస్యకి బాధ్యులని వస్తుంది సార్," అంది మేడమ్.

"కారా మరి? వాళ్ళు అర్జీ పెట్టకపోతే ఆ సమస్య మనదాకా వచ్చేదా?"

మేడమ్ గీత గీసేసింది.

మూడో రోజు ఎడమవైపు రెండు మిగిలాయి, కుడివైపు రెండు మిగిలాయి. ఎంత చక్కగా కుదిరిందో చూడండని మంత్రిగారు మురిసిపోయారు. సమస్యని తీసుకున్న చర్యకి కలిపారు, అవీ మాటలే ఇవీ మాటలే కాబట్టి. ఆఖర్న పరిష్కరించిన తేదీ దగ్గర మాత్రం మంత్రిగారు కొంచెం ఆగారు.

"ఇంతకీ మన షీటులో పరిష్కరించిన తేదీ అని కాలమ్ ఎందుకు లేదు?"

కార్యదర్శిగారు నీళ్ళు నమిలారు. "ఇంతవరకూ అవసరం పడలేదండీ."

"అయితే వచ్చిన తేదీనే కలపండి. తేదీకి తేదీ."

"సార్, ఒక్క మాట," అంది మేడమ్. "ముందు ఒక పది వరసలతో పరీక్ష చేసి చూద్దాం సార్."

"ప్రజలకి పరీక్షలు పెట్టడానికి మనమెవరమమ్మా?"

మేడమ్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని, ఒక నెల సెలవుకి దరఖాస్తు రాసింది. ఆ దరఖాస్తుకి కాపీ నా దగ్గరే తీయించుకుంది.

మర్నాడు మౌసుకి రిబ్బను కట్టి, మంత్రిగారు రిబ్బను కత్తిరించి, మౌసు నొక్కారు. తెరంతా ఆకుపచ్చగా అయిపోయింది. నలభై ఒక్క వేల రెండువందల ఏడు సమస్యలు, అన్నీ పరిష్కృతం! ఒక్కో సమస్యకి పట్టిన సగటు సమయం సున్నా రోజులు. అంతేకాదు, ఆ సాఫ్ట్‌వేర్ తేదీలో నెలని ముందు చదువుతుందట. దాంతో డిసెంబరు మూడున పెట్టిన అర్జీ ఆ ఏడాది మార్చి పన్నెండునే పరిష్కారమైపోయింది. అర్జీ పెట్టకముందే తీర్చే ప్రభుత్వం అని పత్రికలు మంత్రిగారిని ఆకాశానికెత్తాయి. నేను ఆ వార్త కత్తిరించి మిషను మీద అంటించుకున్నాను.

ఈ సంగతి చెబితే అక్క నమ్మలేదు. "పద, అడుగుదాం," అంటూ నన్ను లాక్కుని అర్జీల కౌంటరుకి వచ్చింది. కౌంటర్లో గుమాస్తా నంబరు కొట్టి, మొహం విప్పార్చుకుని చూశాడు.

"శుభం అమ్మా. మీది పరిష్కారమైపోయింది."

"ఎప్పుడు?"

"మీరు అర్జీ పెట్టిన రోజే."

"గోడ ఇంకా అలాగే ఒరిగి ఉంది బాబూ. ఇప్పుడే చూసి వస్తున్నాను."

"ఉండాలి కదమ్మా మరి. చర్య అదే," అని గుమాస్తా తెర మీద నోటు చదివాడు. "శీర్షిక, పద్దెనిమిది వేల మూడువందల ఆరు. ట్యాగు, కిటికీ పక్క టేబుల్. తీసుకున్న చర్య, ఐదో తరగతి గది తూర్పు గోడ జానెడు లోపలికి ఒరిగింది, ఇరవై ఆరుగురు బిక్కుబిక్కుమంటూ దాని కిందే కూర్చుంటున్నారు. బాధ్యులు, మీరే."

"నేనా? గోడని నేను ఒరగబెట్టానా?"

"పేరు మీదే ఉందమ్మా. నేనేం కల్పించి చెప్పడం లేదు."

అక్క ముక్కు ఎర్రబడింది. చిన్నప్పుడు ఆ ముక్కు అలా అయితే నేను మంచం కింద దూరేవాణ్ణి. "దీన్ని మళ్ళీ తెరవాలంటే ఏం చెయ్యాలి?"

"బాధ్యులు అనుమతి ఇవ్వాలి."

"బాధ్యురాలిని నేనే కదా. ఇస్తున్నాను."

"రాసివ్వండి."

అక్క రాసి సంతకం పెట్టింది. గుమాస్తా ఇంకో కాగితం ఇచ్చాడు. "దీని మీద అర్జీదారు సంతకం." అక్క దాని మీదా పెట్టింది. గుమాస్తా రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు.

"రెండు సంతకాలూ ఒకేలా ఉన్నాయి. బాధ్యులూ అర్జీదారూ ఒకటైతే దాన్ని కుమ్మక్కు అంటారమ్మా. కుదరదు."

నేను నవ్వాపుకోలేకపోయాను. అక్క నావైపు చూసింది. నవ్వు ఆగిపోయింది. మెట్లు దిగుతూ అక్క ఒకే ఒక్క మాట అంది.

"ఒరేయ్, వీళ్ళ లెక్కలో బాధ్యురాలిని నేనేనట. సరే. అయితే నేనే చూసుకుంటాను."

ఐదో తరగతిలో ఒక పిల్ల తండ్రి తాపీమేస్త్రి. అక్క వెళ్ళి అతన్ని పట్టుకుంది. ఇటుకలు ఒక ఇంటివాళ్ళు తెచ్చారు, ఇసుక ఇంకో ఇంటివాళ్ళు, సిమెంటు మేమిద్దరం. రేకుల కప్పుకి గుంజలు పోటు పెట్టి, ఒక ఆదివారం పాత గోడ విప్పేశారు, పై ఆదివారం కొత్త గోడ లేపారు. మేస్త్రి దారానికి గుండు కట్టి వేలాడదీసి, ఇంత వంకర కూడా లేదని అందరికీ చూపించాడు. పిల్లలు గోడని చేతులతో నెట్టి చూడబోతే, "నెట్టకండర్రా, ఇంకా పచ్చిగా ఉంది," అని కసిరాడు.

సోమవారం పొద్దున్న మా వీధిలోంచి లారీ వెళ్ళింది. అక్క లేవలేదు. కూర్చునే కాఫీ తాగింది. అంత సంతోషం నాకు ఈమధ్య కాలంలో కలగలేదు.

సరిగ్గా ఆ సోమవారమే ఉత్తమ రికార్డుల అవార్డు జ్యూరీ మా భవనానికి వచ్చింది. జ్యూరీ అంటే ఇద్దరు. ఒక పొడుగాయన, ఒక పెద్దావిడ. వాళ్ళ పద్ధతి చాలా నిక్కచ్చి అయినది. ఏదో ఒక నోటు తీస్తారు. అందులో రాసింది అక్కడ ఉందా లేదా చూస్తారు. ఉంటే అవార్డు, లేకపోతే లేదు. పెద్దావిడ కళ్ళు మూసుకుని ఒక నంబరు నొక్కింది. పద్దెనిమిది వేల మూడువందల ఆరు వచ్చింది. నేను అప్పుడు అక్కడే కాపీలు పంచుతున్నాను. నా చేతిలో కాపీలు జారిపోయాయి.

కార్యదర్శిగారు మాత్రం మంత్రిగారి చెవిలో ఉత్సాహంగా, "గోడండీ! ఒరిగిన గోడ! రెండేళ్ళుగా మనం దాని జోలికి పోలేదు. అచ్చంగా రాసినట్టే ఉంటుంది," అన్నారు. భోజనం చేసి మూడు గంటలకి వెళ్దామని జ్యూరీని ఒప్పించారు. అప్పుడు పదకొండయింది. ఎందుకైనా మంచిదని అక్కకి ఫోను కొట్టారు.

"మేడమ్, మీ గోడ ఎలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉందండీ," అంది అక్క. ఫోనులోంచి నాకూ వినపడింది. "పాతది విప్పేసి కొత్తది కట్టేశాం. నిటారుగా ఉంది."

"ఎవరి అనుమతితో కట్టారు?"

"బాధ్యురాలి అనుమతితో."

కార్యదర్శిగారి మొహం పాలిపోయింది. మంత్రిగారు కుర్చీలో కూలబడి, "ప్రభుత్వ రికార్డుకి ఇంత ద్రోహమా!" అన్నారు. తర్వాత లేచి బల్ల గుద్దారు.

మన ప్రభుత్వ యంత్రాంగాన్ని ఆడిపోసుకునేవాళ్ళు ఆ తర్వాత జరిగింది చూసి ఉండాల్సింది. పదిహేను నిమిషాల్లో మూడు జీపులు వచ్చాయి. నాలుగు లారీల్లో ఇనుప దూలాలు, జాకీలు, ముప్ఫైమంది పనివాళ్ళు వచ్చారు. ఇంజినీరుగారు స్వయంగా ముందు జీపు ఎక్కారు. దారి చూపించడానికి నన్నూ ఎక్కించారు. నేను చూపించక్కర్లేకుండానే ఆయన బడికి వెళ్ళి, ఎవరినీ అడక్కుండా నేరుగా తూర్పు గోడ దగ్గరికి నడిచారు.

అక్క పిల్లలందరినీ బయటికి తెచ్చేసి, ఐదో తరగతి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "ఏంటండీ ఇదంతా? దేనికి వచ్చారు?"

"మీ అర్జీ మీదే వచ్చాం మేడమ్," అన్నారు ఇంజినీరుగారు. అందులో అబద్ధమేమీ లేదు.

బయట దూలాలు ఆనించి జాకీలు తిప్పడం మొదలుపెట్టారు. కబురు తెలిసి మేస్త్రి పరిగెత్తుకుంటూ వచ్చి తల పట్టుకున్నాడు. "అయ్యా, నిన్ననే కదండీ కట్టాను!"

"నిన్న కట్టావు కాబట్టే ఇంత సులువుగా ఒరుగుతోంది. చాలా మంచి పని చేశావు," అని ఇంజినీరుగారు అతని భుజం తట్టారు.

ఎంత ఒరగాలి అన్నదగ్గర మాత్రం కొంత చర్చ జరిగింది. నోటులో జానెడు అని ఉంది. ఎవరి జాన? ఇంజినీరుగారి చెయ్యి పొట్టిది, కార్యదర్శిగారి చెయ్యి పొడుగుది. ఇంతలో మిగతా అధికారుల కార్లతో సహా మంత్రిగారి కారు వచ్చింది. ఆయన చొక్కా చెయ్యి పైకి మడిచి, వేళ్ళు బార్లా చాపి, "నాది పెట్టండి. ప్రజలకి ఇచ్చేటప్పుడు చెయ్యి వెనక్కి తీయకూడదు," అన్నారు. ఆ కొలతతో గోడని ఒరగబెట్టి, లోపలినుంచి నాలుగు ఇనుప కడ్డీలు పోటు పెట్టారు. రెండున్నరకల్లా పని అయిపోయి, పనివాళ్ళు లారీలెక్కి వెళ్ళిపోయారు. వాళ్ళ పనితనం చూసి నేను ముక్కున వేలేసుకున్నాను.

"ఇక పిల్లల్ని లోపల కూర్చోబెట్టండి మేడమ్," అన్నారు కార్యదర్శిగారు. "ఇరవై ఆరుగురు గోడ కింద కూర్చుని ఉండాలి."

"నా ప్రాణం పోయినా కూర్చోబెట్టను."

"అవార్డు పోతుంది మేడమ్!"

"పోనివ్వండి. ఆ నోటు ఇంకోసారి చదవండి. పిల్లలు అని ఎక్కడుంది? ఇరవై ఆరుగురు అనే ఉంది. మీరు వెళ్ళి కూర్చోండి."

కార్యదర్శిగారు నోటు మూడుసార్లు చదివారు. పిల్లలు అని నిజంగానే లేదు. బయట జ్యూరీ కారు హారను వినిపించింది. ఇక చేసేదేముంది, అధికారులందరూ వరసగా లోపలికి వెళ్ళి, మోకాళ్ళు గడ్డాలకి తగులుతుండగా ఆ చిన్న బల్లల మీద కూర్చున్నారు. ఇంజినీరుగారు తనకి నడుము నొప్పి అన్నారు. ఆ గోడని ఎలా నిలబెట్టారో ఆయనకి తెలుసు కదా. ఆయన్ని ఎత్తి కూర్చోబెట్టారు. లెక్కపెడితే ఇరవై ఐదుగురే తేలారు. మంత్రిగారు ప్రసంగించాలి కాబట్టి కూర్చోవడానికి వీల్లేదు. అందరూ నావైపు చూశారు.

నాకు దొరికింది గోడ పక్క బల్ల. తలెత్తితే ఇటుకలు నా మొహం మీదికి వంగి ఉన్నాయి. సరిగ్గా అప్పుడు రోడ్డు మీద లారీ వెళ్ళింది. ఇనుప కడ్డీలు కిర్రుమన్నాయి. పక్కనున్న కార్యదర్శిగారు నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. నేనూ ఆయన చెయ్యి వదల్లేదు. సిగ్గువిడిచి చెబుతున్నాను, నాకు ఏడుపొచ్చింది. అక్క ఈ గదిలో రెండేళ్ళు ఎలా పాఠం చెప్పిందో, పిల్లలు ఎలా విన్నారో నాకు అర్థం కాలేదు.

జ్యూరీ లోపలికి వచ్చింది. పొడుగాయన గోడకి జాన పెట్టి చూసి తల ఊపారు. పెద్దావిడ వేలు చూపిస్తూ ఇరవై ఆరు వరకు లెక్కపెట్టింది. తర్వాత మా మొహాలు ఒక్కొక్కటీ దగ్గరగా చూసి, "బిక్కుబిక్కుమంటూ," అని రాసుకుని, దాని పక్కన పెద్ద టిక్కు పెట్టింది.

"అమ్మా, ఈ గోడ పొద్దున్న నిటారుగా ఉందండీ," అంది గుమ్మంలోంచి అక్క. "వీళ్ళే వచ్చి ఒరగబెట్టారు. ఈ మేస్త్రిని అడగండి, ఈ పిల్లల్ని అడగండి."

"ఆ సంగతి నోటులో ఉందామ్మా?"

"లేదు."

"నోటులో లేనిది మా పరిధిలోకి రాదు," అంది పెద్దావిడ ఎంతో మర్యాదగా.

అవార్డు అక్కడే ప్రకటించారు. మంత్రిగారు బడి ఆవరణలో, గోడకి బాగా ఎడంగా నిలబడి ప్రసంగించారు. ఇది ఆరంభమేనన్నారు. రెండో విడత తనిఖీ పై నెలలో ఉందన్నారు. ఈ నెలలో కొత్తగా వచ్చే అర్జీల్లోంచి జ్యూరీ ఏది తీసినా సరే, అందులో రాసింది రాసినట్టు అక్కడ ఉండి తీరాలని, ఒక్క అక్షరం తేడా వచ్చినా ఊరుకోనని ఇంజినీరుగారిని అందరి ముందూ హెచ్చరించారు. ఇంజినీరుగారు ఉంటుంది సార్, ఉంటుంది సార్ అన్నారు.

ఆ సాయంత్రమే అక్కా, మేస్త్రీ గోడని సరిచేయబోతే కాపలా మనిషి అడ్డుపడ్డాడు. గోడకి అప్పటికే ఒక బోర్డు కట్టేశారు. 'ఇది అవార్డు పొందిన గోడ. తాకరాదు.' మర్నాటినుంచి ఐదో తరగతి ఆవరణలోకి వచ్చేసింది. ఎండగా ఉంటే నీడ ఉన్నవైపు జరుగుతారు. వాన వస్తే పుస్తకాలు కడుపులో పెట్టుకుని మిగతా తరగతుల గుమ్మాల్లో నిలబడతారు. వారం రోజులు అక్క ఆవరణలోనే పాఠం చెప్పింది. ఎనిమిదో రోజు పొద్దున్న నా దుకాణం ముందు ఆగి, "ఒరేయ్, రా," అంది.

అర్జీల కౌంటరు ముందు వరస మెట్లదాకా ఉంది. గంటకిగాని అక్క వంతు రాలేదు. అక్క ఇచ్చిన అర్జీని గుమాస్తా కాలమ్ కాలమ్‌గా కంప్యూటర్లోకి ఎక్కిస్తూ, సమస్య అన్నచోట ఆగిపోయి పైకి చదివాడు.

"ఐదో తరగతి గది తూర్పు గోడ నిటారుగా ఉంది. పిల్లలు నిశ్చింతగా చదువుకుంటున్నారు." తలెత్తి అక్కని చూశాడు. "ఇందులో సమస్య ఏముందమ్మా?"

"ఉండకూడదనే రాశాను నాయనా. ఎక్కించు."

గుమాస్తా భుజాలు ఎగరేసి ఎక్కించాడు. అక్క రసీదు తీసుకుని, మడిచి సంచిలో పెట్టుకుంది. మేము పక్కకి జరుగుతుంటే, వెనకాల నిలబడ్డ పెద్దాయన తన కాగితం నా చేతిలో పెట్టాడు.

"బాబూ, చదువుకున్నవాడిలా ఉన్నావు, కొంచెం చూసి చెప్పు. మా పేటకి బస్సే లేదు. రోజుకి రెండుసార్లు వస్తోందని రాశాను. ఒకసారే వస్తోందని రాస్తే తొందరగా అవుతుందంటావా?"